తెర వెనుక పనివాళ్లు
(సంఘం వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మనం చదువుల గురించి, పెళ్లిళ్లలో దుబారా గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పెద్ద నాటకశాలలో తెర వెనుక పనులు ఎట్లా సాగుతాయో చెబుతామంటే కొందరు పెద్దలు నవ్వారు. "సంక్షేమ సంఘానికి నాటకాలతో ఏం పని?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పుకున్న తర్వాతనే ముందుకు పోదాం.

మేము మాట్లాడబోయేది నాటకం గురించి కాదు, నాటకం వెనుక ఉండే పని గురించి. ఇక్కడ కూర్చున్నవారిలో దర్జీలున్నారు, కరెంటు పనివాళ్లున్నారు, రంగులు వేసేవాళ్లున్నారు, వడ్రంగులు, వంటమేస్త్రీలు, లారీ డ్రైవర్లున్నారు. పెద్ద నాటకశాలలో తెర వెనుక ఉండేది సరిగ్గా వీళ్లే. అక్కడ వాళ్ల పని ఎట్లా ఏర్పాటు చేస్తారో, వాళ్ల ప్రాణానికి ఎట్లా కాపలా కాస్తారో తెలుసుకుంటే మన కల్వకుర్తికి పనికొస్తుంది. ఎందుకు పనికొస్తుందో చివర చెబుతాం. అప్పటిదాకా దయచేసి ఓపిక పట్టండి.

మన కళ్ల ముందరి ఉదాహరణ

తెలుగువాళ్లకు తెర వెనుక పని అనగానే మొదట గుర్తుకు రావలసిన పేరు సురభి. కడప జిల్లాలో సురభి అనే చిన్న ఊళ్లో 1885లో ఒక పెళ్లి సందర్భంగా 'కీచకవధ' నాటకం వేశారు. వేసినవాళ్లు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలవాళ్లు. వాళ్లకు పెద్దదిక్కు వనారస గోవిందరావుగారు. ఆ ఊరి పేరే వాళ్ల నాటక సమాజాలకు నిలిచిపోయింది. మగవాళ్లే చీర కట్టి ఆడవేషం వేసే ఆ రోజుల్లో ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే ధరించిన సమాజం అది. కుటుంబాలు పెరిగి, సమాజాలుగా చీలి, ఊరూరా డేరాలు వేసుకొని తిరిగారు. ఇప్పుడు వాళ్లలో చాలా కుటుంబాలు హైదరాబాదు పక్కన శేరిలింగంపల్లిలో ఉన్నాయి. వాళ్ల సమాజాల్లో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో మొదలైంది. దానిని చాలా కాలం నడిపిన ఆర్. నాగేశ్వరరావుగారికి, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

మాలో కొందరం సురభివారి నాటకం చూశాం. నారదుడు మబ్బుల మీద నుంచి దిగుతాడు. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. రంగస్థలం మీద వాన కురుస్తుంది. రాజదర్బారు రెప్పపాటులో అడవి అవుతుంది. ముందు వరుసలో పిల్లలు నోరు తెరుచుకొని చూశారు. మేమూ అట్లాగే చూశాం. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఒక్కొక్క బాణం వెనుక ఒక సన్నటి తీగ ఉంది, ఆ తీగ వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి అర క్షణం ఆలస్యం చేస్తే బాణాలు కలవవు, జనం నవ్వుతారు. అర క్షణం తొందరపడినా అంతే. ఆ మనిషి ముఖం మాత్రం మనకు ఒక్కసారి కూడా కనపడదు.

సురభిలో విభాగాలన్నీ ఒకే ఇంట్లో ఉంటాయి. ఈ రోజు రాజు వేషం వేసినాయన రేపు పరదా తాడు లాగుతాడు. తల్లి పాత్రధారికి ముఖానికి రంగు కూతురు వేస్తుంది. నడక నేర్చిన పిల్లవాడు చిన్నికృష్ణుడిగా రంగస్థలం ఎక్కుతాడు, కొంచెం ఎదిగితే సామాన్లు అందిస్తాడు, ఇంకా ఎదిగితే దీపాల దగ్గర కూర్చుంటాడు. వేరే బడి అక్కరలేదు, ఇల్లే బడి. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వీళ్లతో 'భీష్మ', 'బస్తీ దేవత యాదమ్మ' వంటి నాటకాలు చేయించారు. అన్ని పనులూ తెలిసినవాళ్లు కనుక కొత్త తరహా నాటకాన్ని కూడా నిలబెట్టగలిగారు.

వాళ్ల పురాణ నాటకాల పక్కనే పోతులూరి వీరబ్రహ్మంగారి చరిత్ర కూడా ఉంది. అందులో సిద్దయ్య పాత్ర మనకు తెలుసు, దూదేకుల ఇంట పుట్టిన శిష్యుడాయన. మన వాడల్లో ఆ కథ తెలియని ముసలివాళ్లు ఉండరు.

పెద్ద నాటకశాలలో ఏ పని ఎవరిది

ఇప్పుడు పెద్ద నాటకశాలకు వద్దాం. మనకు దగ్గరలో హైదరాబాదులో రవీంద్రభారతి ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో తెరిచారు. దాన్ని రూపకల్పన చేసిన వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్‌గారు. గోల్కొండ కోటనే రంగస్థలంగా చేసుకొని పెద్ద నాటకాలు ఆడించిన ఖాదర్ అలీ బేగ్‌గారు కూడా హైదరాబాదువారే. ఆయన 1984లో పోయారు. ఈ పేర్లు మన పిల్లలకు తెలియాలని చెబుతున్నాం.

లండన్‌లోనో, మాస్కోలోనో ఉండే పెద్ద నాటకశాలల్లో వందలమంది జీతానికి పనిచేస్తారు. వాళ్లలో జనం ముందుకు వచ్చేవాళ్లు కొద్దిమందే. మిగతా పనుల్ని ఇట్లా పంచుకుంటారు.

మొదటిది సీను తయారుచేసే విభాగం. నాటకానికి కావలసిన ఇల్లు, గోడ, మెట్లు ముందు కాగితం మీద గీస్తారు, తర్వాత చిన్న అట్టబొమ్మగా చేస్తారు. అది ఒప్పుకున్నాక వడ్రంగులు, ఇనుప పనివాళ్లు అసలు కొలతలకు కడతారు. రంగులవాళ్లు బట్ట మీద రాతిగోడను చూపిస్తారు. దగ్గరికి పోయి చూస్తే అది రంగుల మరకలే. ఇరవై గజాల దూరం నుంచి చూస్తే రాయి. దూరం నుంచి చూసే కన్ను కోసం దగ్గర కూర్చొని రంగు వేయాలి, అదీ వాళ్ల విద్య.

రెండవది పైన పనిచేసేవాళ్లు. రంగస్థలం మీద మనకు కనపడే ఎత్తుకు రెండు రెట్లో, అంతకంటే ఎక్కువో పైన ఖాళీ ఉంటుంది. పరదాలు, సీన్లు అందులోకి ఎగిరిపోతాయి. మన బావి గిలక సూత్రమే అక్కడా పనిచేస్తుంది. తాడుకు ఒక కొసన నూరు కిలోల పరదా ఉంటే, రెండో కొసన నూరు కిలోల ఇనుప దిమ్మెలు పెడతారు. రెండూ తూగితే ఒక్క మనిషి చేత్తో లాగగలడు. తూగకపోతే పైనున్నది కింద ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే దిమ్మెలు వేసేటప్పుడు, తీసేటప్పుడు కింద ఎవరినీ నిలవనివ్వరు.

మూడవది దీపాల విభాగం. సురభి పుట్టడానికి నాలుగేళ్ల ముందు, 1881లో, లండన్‌లోని సవాయ్ థియేటర్ మొత్తానికీ కరెంటు దీపాలు పెట్టారు. జనం భయపడ్డారు. యజమాని డి'ఓయ్లీ కార్ట్ రంగస్థలం మీదికి వచ్చి, వెలుగుతున్న బల్బును పలుచని గుడ్డలో చుట్టి, అందరూ చూస్తుండగా పగలగొట్టాడు. గుడ్డ అంటుకోలేదు. జనానికి నమ్మకం కుదిరింది. మన పల్లెల బాగోతాల్లో అప్పటికి దివిటీలే వెలుగు. దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపిస్తే అదే గొప్ప వింత. ఆ తర్వాత పెట్రోమాక్స్ దీపాలొచ్చాయి. ఇప్పుడు ఒక బల్ల దగ్గర కూర్చున్న మనిషి మీటలు కదిపి, తెల్లవారుజామును సాయంత్రం చేస్తాడు.

నాలుగవది దుస్తుల విభాగం. కొలతలు తీసే దర్జీ, కుట్టేవాళ్లు, ఉతికి ఇస్త్రీ చేసేవాళ్లు, వేషం మార్పించేవాళ్లు అందరూ ఇందులోకి వస్తారు. ఒక్కోసారి నటుడు అర నిమిషంలో బిచ్చగాడి నుంచి షావుకారు కావాలి. అప్పుడు రంగస్థలం పక్కన చీకట్లో ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకరు చొక్కా విప్పుతారు, ఒకరు కోటు తొడుగుతారు. గుండీలు పెట్టే సమయం ఉండదు కనుక పైకి గుండీలు కనపడేటట్టు కుట్టి, లోపల తొందరగా అతుక్కునే పట్టీ వేస్తారు. చూసేవాళ్లకు గుండీ, తొడిగేవాళ్లకు పట్టీ. ఇది దర్జీ బుద్ధి. మన దర్జీలకు చెప్పనక్కరలేదు.

ఐదవది సామాన్ల విభాగం. నటుడి చేతికి వచ్చే ప్రతి వస్తువూ, అంటే ఉత్తరం, కత్తి, గ్లాసు, తాళంచెవి, వీళ్లదే. ఒక పెద్ద బల్ల మీద తెల్లకాగితం పరిచి, గళ్లు గీసి, ఒక్కో గడిలో వస్తువు పేరు రాసి పెడతారు. ఆట మొదలయ్యే ముందు ఏ గడి ఖాళీగా ఉందో చూస్తే ఏది లేదో వెంటనే తెలుస్తుంది. చదువు ఎక్కువ లేనివాడు కూడా చేయగల ఏర్పాటు. మన పెళ్లిళ్లలో సామాను పోయిందని కొట్లాడుకునే బదులు ఈ పద్ధతి పెట్టుకోవచ్చు.

ముఖాలకు రంగు వేసేవాళ్లు, జుట్టు అమర్చేవాళ్లు, శబ్దం చూసేవాళ్లు, వాద్యాలవాళ్లు, టికెట్లవాళ్లు, తలుపుల దగ్గర నిలిచి కుర్చీలు చూపేవాళ్లు వేరే ఉన్నారు. అందరి గురించీ చెబితే ఇషా నమాజు వేళ దాటిపోతుంది.

ఒక్క గొంతు

ఇన్ని విభాగాలు చీకట్లో ఒకరినొకరు గుద్దుకోకుండా ఎట్లా పనిచేస్తాయి? దీనికి ఒక మనిషి ఉంటాడు. ఆయన్ను స్టేజీ మేనేజరు అంటారు. నాటకం ప్రతి ఆయన ముందు తెరిచి ఉంటుంది. ఏ మాట దగ్గర దీపం మారాలో, ఏ మాట దగ్గర పరదా లేవాలో పక్కన రాసి ఉంటుంది. ముందు "సిద్ధం" అని హెచ్చరిక ఇస్తాడు. తర్వాత సమయానికి "పో" అంటాడు. కొన్ని చోట్ల మాట బదులు చిన్న బల్బులు పెడతారు. ఎరుపు వెలిగితే సిద్ధంగా ఉండు, పచ్చ వెలిగితే చెయ్యి.

ఇందులో ఒక గొప్ప నియమం ఉంది. ఆట నడుస్తున్నంతసేపూ ఆజ్ఞ ఒక్కరిదే. దర్శకుడైనా, యజమానైనా, పేరున్న నటుడైనా మధ్యలో వచ్చి "ఆ దీపం ఆర్పు" అనరాదు. పదిమంది పది దిక్కుల నుంచి అరిస్తే ఏమవుతుందో మన సభల్లో మనకు అనుభవమే. మైకు దగ్గర నలుగురు, స్విచ్చు దగ్గర నలుగురు, బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు.

నిప్పు నేర్పిన పాఠం

ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. 1903 డిసెంబరు 30న అమెరికాలోని షికాగో నగరంలో ఇరోక్వాయ్ థియేటర్‌లో పిల్లలు, తల్లులు కిక్కిరిసి ఆట చూస్తున్నారు. నాటకశాల తెరిచి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. ఒక దీపం నుంచి నిప్పురవ్వ పరదాకు అంటుకుంది. మంటను ఆపవలసిన రక్షణ తెర కిందికి దిగుతూ మధ్యలో ఇరుక్కుపోయింది. బయటికి పోయే తలుపులు కొన్ని మూసి ఉన్నాయి, కొన్నిటిని తెరవడం ఎట్లాగో జనానికి తెలియలేదు. 602 మంది చనిపోయారు. ఆ తర్వాతనే తలుపులు బయటికి తెరుచుకోవాలని, లోపలి నుంచి తోస్తే చాలు తెరుచుకోవాలని, దారి చూపే గుర్తులు వెలుగుతూ ఉండాలని పట్టుబట్టారు.

ఇది దూరదేశం సంగతి అనుకోవద్దు. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమాహాల్లో 59 మంది పోయారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టిన మంట పొగగా పైకి వచ్చింది. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. పొగలో బయటికి దారి దొరకలేదు.

అందుకే మంచి నాటకశాలలో జనం లోపలికి రాకముందు ఒక మనిషి తలుపులన్నీ తెరిచి చూస్తాడు. దారుల్లో కుర్చీలు వేయనివ్వడు. రాత్రి అందరూ వెళ్లిపోయాక కూడా రంగస్థలం మధ్యలో ఒక్క బల్బు వెలిగించి పోతారు. ఎందుకంటే తెల్లవారి మొదట వచ్చేది ఊడ్చే మనిషో, కాపలా మనిషో. చీకట్లో ఆ మనిషి రంగస్థలం అంచు తెలియక కింద పడకూడదు. ఎవరూ చూడని మనిషి కోసం రాత్రంతా ఒక దీపం వెలుగుతుంది. ఇది వినగానే మాకు మన సంగతి గుర్తుకొచ్చింది.

మన తప్పు

కొన్నేళ్ల కింద మన వార్షికోత్సవం రోజు సాయంత్రం గాలివాన వచ్చి షామియానా తడిసింది. వాన వెలిసింది, సభ మొదలు కావాలని అందరం తొందరపడ్డాం. కరెంటు పని చూస్తున్న మన వాడకట్టు కుర్రవాడు తడి నేల మీద వెదురు నిచ్చెన వేసి దీపాలు సరిచేస్తున్నాడు. ప్లగ్గు లేక వట్టి తీగలను సాకెట్టులో పెట్టి అగ్గిపుల్లలు కొట్టి ఉన్నాయి. ఎవరో "లైట్లు చూడండి" అన్నారు. ఇంకెవరో స్విచ్చు వేశారు. ఎవరు వేశారో ఈ రోజుకీ తెలియదు. పిల్లవాడు నిచ్చెన మీద నుంచి పడ్డాడు. మెయిన్ స్విచ్చు ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియక వెతుక్కున్నాం. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. చెయ్యి విరిగింది. మూడు నెలలు పని లేదు.

ఆ రోజు మనం శాలువాలకు, మొమెంటోలకు, దండలకు డబ్బు పెట్టాం. ప్లగ్గులకు పెట్టలేదు. సభ ఒక అరగంట ఆలస్యంగా మొదలై సాగిపోయింది. వందన సమర్పణలో పెద్దల పేర్లన్నీ చదివాం. ఆ పిల్లవాడి పేరు చదవలేదు. కాగితంలో లేదు మరి. మరుసటి వారం వాళ్ల అమ్మను కలవడానికి పోతే ఆమె మమ్మల్ని తిట్టలేదు. "లైట్లు బాగా వెలిగినయా బాబూ?" అని మాత్రం అడిగింది. తిట్టినా ఇంత బాధ ఉండకపోను.

ఇది ఒకరి మీద వేసే నింద కాదు. అది మన అందరి తప్పు, ముందుగా కార్యవర్గంలో ఉన్న మాదే.

మనది పాలమూరు గడ్డ. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడెక్కడో డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు. ప్రారంభోత్సవం రాతి మీద వాళ్ల పేర్లు ఉండవు. మన తాతలు, తండ్రులు అట్లా తెర వెనుక బతికినవాళ్లే. వాళ్ల బిడ్డలమై ఉండి మన సభలో మన పనివాణ్ణి మనమే మరిచిపోతే ఇంక ఎవరు తలుచుకుంటారు?

ఏం చేద్దాం

అందుకే పెద్దలముందు నాలుగు మాటలు ఉంచుతున్నాం. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు.

ఒకటి, సభ జరిగే ప్రతిసారీ స్టేజీ మేనేజరులాగా ఒక్కరిని పెట్టుకుందాం. కరెంటు, మైకు, తెర ఆయన మాట మీదనే నడవాలి. అధ్యక్షులైనా సరే ఆయన్నే అడగాలి. మెయిన్ స్విచ్చు దగ్గర ఒక మనిషి చివరిదాకా కదలకుండా ఉండాలి.

రెండు, అగ్గిపుల్లల తీగలు మన సభల్లోనూ, మన పెళ్లిళ్లలోనూ బంద్ చేద్దాం. సరైన ప్లగ్గులు, ఎర్తింగు ఉంటేనే దీపం వెలగాలి. తడి నేల మీద పని ఉంటే సభ ఆలస్యమైనా ఫరవాలేదు. ఆడవాళ్ల వైపు కనాతులు కట్టేటప్పుడు బయటికి పోయే దారి తప్పకుండా వదలాలి. పొగలో ముందు చిక్కుకునేది పిల్లలను ఎత్తుకున్న తల్లులే.

మూడు, శాలువాలు తగ్గించి ఆ డబ్బుతో పనివాళ్లకోసం చిన్న నిధి పెడదాం. పనిలో దెబ్బ తగిలిన మనిషి ఇంట్లో పొయ్యి ఆరకుండా చూద్దాం. అది సాయం కాదు, వాళ్ల హక్కు అని రాసి పెడదాం.

నాలుగు, సావనీరులో చివరి పేజీ ఒకటి వాళ్ల పేర్లకు ఉంచుదాం. షామియానా కట్టినవాళ్లు, వండినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, ఊడ్చినవాళ్లు, మైకు పెట్టినవాళ్లు, వాళ్లను అడిగి, ఒప్పుకుంటే రాద్దాం. మరి భోజనాల దగ్గర వాళ్లను ఆఖరి పంక్తికి వదలకుండా మొదటి పంక్తిలో కూర్చోబెడదాం.

అడగకుండానే ఒక శుభవార్త చెబుతాం. దెబ్బ తగిలిన ఆ పిల్లవాడు ఇప్పుడు మళ్లీ పని చేస్తున్నాడు. చెయ్యి పూర్తిగా పైకి లేవదు కానీ పని బాగా తెలుసు. ఈ రోజు ఈ మైకు, ఈ దీపాలు ఆయన పెట్టినవే. ప్లగ్గులన్నీ ముందే తెచ్చి చూపించి, "ఇవి ఉంటేనే పెడతా" అన్నాడు. మేము తలవంచి ఒప్పుకున్నాం. ఆయన ఇప్పుడు తెర వెనుక, మెయిన్ స్విచ్చు పక్కన కూర్చొని ఉన్నాడు. వేదిక మీదికి రమ్మంటే రాలేదు. "నేను లేస్తే ఇక్కడ ఎవరుంటారు?" అన్నాడు.

అందుకని చప్పట్లు కొట్టదలిస్తే మాకు కొట్టవద్దు. అటు, తెర వైపు తిరిగి కొట్టండి. ఆయనకు వినపడుతుంది.